మశారి తెలుగు మాటే

"అయిపోయిందమ్మా, అత్తమ్మతో చేసేశాను" అని నా కూతురు ఫోన్లో అన్న రోజు నుంచి నాకు మా వియ్యపురాలంటే పడదు. అంతకు ముందు పడేదా అంటే, అంతకు ముందు ఆవిడ కరీంనగర్‌లో ఉండేది. అంత దూరాన ఉన్న మనిషి మీద ఎవరికి మాత్రం కోపం వస్తుంది?

అత్తాకోడళ్ళు కలిసి చేసేసింది వంట కాదు, పూజ కాదు. ఫోన్లో రోజుకో మాట కనుక్కునే ఆట. మూడక్షరాల తెలుగు మాట ఒకటి దాచిపెడతారు. మనం ఏదో ఒక మాట రాయాలి. అక్షరం సరైన చోట పడితే గడి పచ్చగా మారుతుంది. అక్షరం ఉండి చోటు తప్పితే పసుపు రంగు, అసలు లేకపోతే బూడిద రంగు. ఆరు ప్రయత్నాల్లో కనుక్కోవాలి. లోకంలో ఆడేవాళ్ళందరికీ ఆ రోజుకి అదే మాట. ఒకసారి తెలిసిపోయిందంటే మళ్ళీ రేపు పొద్దున్న దాకా ఆట లేదు. నా గొడవంతా ఈ ఒక్క షరతుతోనే.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి, బెంగాల్‌కి వచ్చి ఖిదిర్‌పూర్ డాక్‌లో బరువులు మోశాడు. నేను ఇక్కడే పుట్టి, ఇక్కడే పెరిగి, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌కి కోడలిగా వచ్చాను. మా ఆయన యార్డులో ఫిట్టరు. తెలుగు చదవడం నాకు నాన్నే నేర్పాడు. ఖరగ్‌పూర్ నుంచి ఎవరు వచ్చినా పాత వారపత్రికలు తెప్పించేవాడు. అట్ట చిరిగిపోయినా, సీరియల్ సగంలో ఆగిపోయినా సరే, వదలకుండా చదివేదాన్ని. నా కూతురికి మాత్రం తెలుగు నోట్లోనే ఉంది, కంట్లో లేదు. ఎన్నిసార్లు పలక ముందు కూర్చోబెట్టినా "అన్నీ గుండ్రంగా ఒకలాగే ఉన్నాయమ్మా" అని లేచిపోయేది. బడిలో బెంగాలీ, ఇంగ్లీషు, హిందీ ఉండగా నాలుగోది ఎక్కడ పడుతుందిలే అని నేనూ ఊరుకున్నాను.

చదువయ్యాక దానికి ఊరికి ఆ చివరనున్న న్యూ టౌన్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ ఆఫీసులో ఒక కరీంనగర్ కుర్రాడు ఈ ఆట చూపించాడట. ఆ సాయంత్రమే నా ఫోన్లో పెట్టింది. ఆట చూపించిన వాడే ఏడాది తిరక్కుండా మా అల్లుడయ్యాడు. నాకప్పుడే అనుమానం రావాల్సింది.

పెళ్ళికి ముందు రోజులు బాగుండేవి. పొద్దున్నే నేను పొయ్యి దగ్గర, అది అద్దం దగ్గర. "నువ్వు రాయమ్మా, నేను సెప్తాను" అనేది జడ అల్లుకుంటూ. దానికి తెలిసినవన్నీ వంటింటి మాటలు. మొదటి మాట ఎప్పుడూ గరిటె. తర్వాత పులుసు, తపేలా, అలా వెళ్ళేది. పిండి చేత్తో నేను గడులు నింపేదాన్ని. ఒక గడి పచ్చబడితే "హయ్యో, పడిందే!" అని అద్దంలోంచి అరిచేది. మా ఆయన డ్యూటీకి బయల్దేరుతూ "మీ తల్లీకూతుళ్ళకి ఉద్యోగాలిచ్చినోడు ఎవడో గానీ, ముందు నాకు టిపినెట్టండి" అనేవాడు.

పెళ్ళయి న్యూ టౌన్‌లో కాపురం పెట్టాక కూడా అది మానలేదు. ఆఫీసుకి బస్సెక్కగానే ఫోన్ చేసేది. నేను మా ఆయన ఫోన్లో దాని గొంతు పెద్దగా పెట్టి, నా ఫోన్లో గడులు నింపేదాన్ని. "గరిటె ఎట్టమ్మా." "ఎట్టాను. రి పసుపు." "అయితే రి ఎక్కడో ఉంది, ఆగు, ఆగు." వెనకాల కండక్టర్ అరుపులు, హారన్లు, ఎవరో దిదీ, దిదీ అంటూ దారి ఇమ్మని అడగడం. మాట దొరికేసరికి దాని స్టాపు వచ్చేది. పగలంతా ఏం చేస్తోందో, ఏం తింటోందో నేను అడిగేదాన్ని కాదు. ఆ కాసేపు అది నాదైతే చాలు, మిగతా రోజంతా ఎవరికైనా ఇచ్చుకోనీ అనుకునేదాన్ని.

అప్పుడు మా వియ్యపురాలు వచ్చింది. భర్త పోయాక ఒక్కతే ఉంటోందని అల్లుడు తెచ్చి తన దగ్గర పెట్టుకున్నాడు. మంచి పనే చేశాడు. నేనూ "మంచి పని చేశావు బాబూ" అనే అన్నాను. ఆవిడకీ తెలుగు మాటలంటే ఇష్టమని, పొద్దున్నే లేచి కళ్ళజోడు పెట్టుకుని ఇదే ఆట ఆడుతుందని అప్పటికి నాకు తెలియదు. నా కూతురు ఇల్లు దాటి బస్సెక్కే లోపలే ఆవిడ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుంటోంది. ఇంక నాకు మిగిలేదేముంది?

"పోనీ మళ్ళీ నాతో ఆడు" అన్నానొకసారి సిగ్గు విడిచి.

"మాట తెలిసిపోయాక ఏటాడతామమ్మా? దొంగాట అయిపోదా?" అంది.

నిజమే. దొంగాటే. మర్నాటి నుంచి ఫోను వచ్చేది గానీ, అందులో ఆట ఉండేది కాదు. తిన్నావా, నాన్న బయల్దేరాడా, మోకాలు ఎలా ఉంది. ఈ మాటలు ఎవరైనా అడుగుతారు. వదినని బౌదీ అనే బెంగాలీ కూరగాయల బండివాడు కూడా "ఏం బౌదీ, మోకాలు ఎలా ఉంది" అని అడుగుతాడు. ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నే గరిటె అని రాసుకుని కూర్చునేదాన్ని. రి బూడిద రంగులోకి పోతే ఎవరికి చెప్పను?

నా మొహం చూసి కాబోలు, అల్లుడు మా అందరికీ కలిపి ఒక గ్రూపు పెట్టాడు. ఎవరెన్ని ప్రయత్నాల్లో కనుక్కున్నారో అందులో పెట్టాలి. మాట బయటపెట్టకూడదు, రంగుల గడులు మాత్రమే. అతను మంచికే చేశాడు గానీ, నా కడుపుమంటకి కిరసనాయిలు పోసినట్టయింది. ఆవిడ మూడింట్లో కనుక్కుంటే నేను అయిదింట్లో. నేను కిందా మీదా పడి మూడింట్లో కనుక్కున్న రోజున ఆవిడ రెండింట్లో. అట్టపెట్టెలోంచి నాన్న పత్రికలు కిందికి దించాను. మధ్యాహ్నాలు వాటిల్లో మూడక్షరాల మాటలు వెతుక్కుంటూ కూర్చుంటే పప్పు రెండుసార్లు మాడింది.

"పరీచ్చకి సదూతున్నావేటే?" అన్నాడు మా ఆయన.

"ఆవిడ రోజూ నాకంటే ముందే కనుక్కుంటోంది."

"కనుక్కుంటే కనుక్కోనీ. నీ కూతుర్ని ఎత్తుకుపోయిందేటి?"

ఎత్తుకుపోయింది. అదే కదా నేను చెప్పేది. ఈ మనిషికి రైలుపెట్టెల కింద దూరి ఎక్కడ బోల్టు వదులైందో తెలుస్తుంది గానీ, ఇంట్లో ఏం జారిపోతోందో తెలియదు.

ఒకరోజు గ్రూపులో నా కూతురి పేరు మీద గడులు వచ్చాయి. అది ఒక్కతే, తనంతట తను ఆడింది. నేను వెంటనే ఫోన్ చేశాను. "అత్తమ్మ అచ్చరాలు నేర్పిందమ్మా. రోజుకి కొన్ని. ఇప్పుడు నేనే రాస్తున్నాను" అంది గర్వంగా. ఎంత బాగుందో అన్నాను. ఫోన్ పెట్టేసి బాల్కనీలోకి వెళ్ళి ఆరేసిన బట్టలు ఆరకుండానే తీసేశాను. పలక పట్టుకుని దాని వెనకాల ఇల్లంతా తిరిగింది నేను. మూడు నెలలు తిరక్కుండా ఆవిడ సాధించేసింది. సంతోషించాల్సిన విషయమని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన సంతోషం వస్తుందా?

ఇంకో రోజు నేనేదో అడిగితే దానికి వినబడలేదు. "ఏందమ్మా?" అంది. పుట్టినప్పటి నుంచీ "ఏటమ్మా" అన్న పిల్ల. అది గమనించుకోలేదు కూడా. నేను "ఏం లేదులే" అని పెట్టేశాను. ఆ పూట అన్నం సహించలేదు.

ఇదంతా ఒక ఎత్తు, మశారి గొడవ ఒక ఎత్తు.

సంత్రాగాఛిలో దోమలెంతో చెప్పక్కర్లేదు. పక్కనే చెరువు, చుట్టూ యార్డు, గుంటల్లో నీళ్ళు. చీకటి పడితే మంచం చుట్టూ మశారి కట్టాల్సిందే. మా ఇంట్లో తాళ్ళు కొనం. పాత చీర అంచు చింపి నాలుగు మూలలకీ కట్టుకుంటాం, ఒక కొస లాగితే ఊడేలా ముడి వేస్తాం. నా కూతురు చిన్నప్పుడు రోజూ దాన్ని పడుకోబెట్టి, తలవైపు నుంచి మొదలుపెట్టి చుట్టూ అంచు పరుపు కిందికి దోపేదాన్ని. అది మాటిమాటికీ కాలితో అంచు లాగేది. "అంచు వదిలేస్తే దోమలు దూరిపోవా?" అని మళ్ళీ దోపేదాన్ని. దానికి మాటలు వచ్చే వయసులో అమ్మ తర్వాత వచ్చిన మాట మశారే. మశాయి, మశాయి అని చేతులు పైకెత్తేది.

ఒక పొద్దున్న ఆటలో ఏదీ కలిసి రాలేదు. రి మీద అనుమానంగా ఉంది. మశారి అని రాశాను. గడులన్నీ ఒక్కసారి ఊగిపోయి, ఈ మాట లేదు అని వచ్చింది. వేలు జారిందేమోనని మళ్ళీ రాశాను. మళ్ళీ ఊగింది. నాకు ఒళ్ళు మండింది. గ్రూపులో పెట్టేశాను: "ఈ ఆట తయారుచేసిన వాళ్ళకి తెలుగు రాదు. మశారి అని రాస్తే తీసుకోవడం లేదు."

కాసేపటికి మా వియ్యపురాలు గొంతు రికార్డు చేసి పంపింది. నవ్వుతూనే మొదలుపెట్టింది. "వదినా, మశారి అంటే ఏందో మాకైతే తెల్వది. గది బెంగాలోళ్ళ మాట గావచ్చు. మనం దోమతెర అంటం." ఆ నవ్వు కింద అల్లుడు ఒక నవ్వే బొమ్మ పెట్టాడు. ఆ బొమ్మ కింద నా కూతురు ఇంకో నవ్వే బొమ్మ పెట్టింది.

దోమతెర నాకు తెలియక కాదు. కథల్లో చదివాను. అది జమీందార్ల పందిరిమంచాలకి ఉండే వేరే వస్తువనుకున్నాను. దోమతెర పుస్తకంలోది, మశారి మా ఇంట్లోది, రెండూ తెలుగే అనుకున్నాను. మా ఆయన్ని అడిగితే తల గోక్కుని "మశారిని మశారి అనక మరేటంటారే?" అన్నాడు. ఆయనకీ అదే తెలుసు. మా అత్తా అదే అనేది, మా అమ్మా అదే అనేది. డాక్ నుంచి వచ్చి నడుం వాల్చేముందు మా నాన్న అనేదీ అదే. వాళ్ళంతా పక్కింటి బెంగాలీవాళ్ళ దగ్గర ఆ మాట ఎప్పుడు పట్టుకున్నారో, ఎప్పుడు సొంతం చేసుకున్నారో, నాకెవరు చెబుతారు?

ఆవిడ నవ్వినందుకు అంత బాధ లేదు. ఆవిడకి తెలియదు. ఆ మశారిలో పడుకుని పెరిగిన పిల్ల నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నుంచి ఆట ఆడానే గానీ, గ్రూపులో గడులు పెట్టడం మానేశాను.

మొన్న చలికాలం పోయే ముందు మా ఆయన్ని వేరే ఊరి యార్డుకి కొన్నాళ్ళు పంపించారు. ఒక్కదానివే ఎందుకు, రా అని కూతురు పోరు పెట్టింది. బెల్లం గవ్వలు చేసి డబ్బాలో పోసుకుని, బస్సెక్కి, హుగ్లీ నది దాటి, ఊరంతా తిరిగి న్యూ టౌన్ చేరాను. రెండో అంతస్తులో ఫ్లాటు. వెనకాలే కాలవ. ఎంత అద్దాల ఇల్లయినా కాలవ కాలవే, సాయంత్రమయ్యేసరికి మా సంత్రాగాఛి దోమలు ఇక్కడికీ దారి కనుక్కున్నాయి. మా వియ్యపురాలు ఎదురొచ్చి "మంచిగున్నవా వదినా?" అని రెండు చేతులూ పట్టుకుంది. గవ్వలు తిని చాలా మెచ్చుకుంది. ఆవిడలో ఏదైనా తప్పు దొరికితే ఊపిరి తీసుకుందామనుకుంటే దొరకలేదు. నాకు హాల్లో పక్క వేసి, గోడకి దోమల మందు పెట్టారు.

పొద్దున్న అలవాటుగా ముందే లేచాను. ఆవిడ గది తలుపు తెరిచి ఉంది. చూస్తే మంచం చుట్టూ మశారి కట్టి ఉంది. లోపల ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, బాసిపట్టు వేసుకుని, ఫోన్ మీదికి వంగి ఉంది. మూలలకి కట్టినవి తాళ్ళు కావు, చీర అంచు పేలికలు. ఆకుపచ్చ మీద చిన్న మామిడిపిందెల అంచు. నా చీరే. నా కూతురు కాపురానికి వచ్చేటప్పుడు గిన్నెలు చుట్టుకోమని దానికి ఇచ్చాను. ముడి కూడా మా ముడే, కొస లాగితే ఊడేది.

"ఎవరు కట్టారండి?" అన్నాను.

"ఇంకెవలు, మీ బిడ్డనే. దినాం తనే కడ్తది. నాకు కట్టరాదు గద. నేను పండుకున్నంక సుట్టూ అంచులు లోపటికి దోపుతది, పసిపిల్లకు దోపినట్టు." ఆవిడ మురిసిపోతూ చెప్పింది. "ఆడ నిలవడ్డవేంది, మశారిలకు రా వదినా, దోమలు కుడ్తయ్."

మశారిలకు రా అంది. తన నోటితో, తడుముకోకుండా. నేను విననట్టే అంచు ఎత్తి లోపలికి దూరి, ఆవిడ పక్కన కూర్చున్నాను. నా కూతురు పుట్టిన దగ్గర్నుంచి పెళ్ళయ్యే దాకా దానికి అంచు దోపింది నేను. అది నాకు ఒక్కనాడైనా దోపిందా? అడగాలని కూడా నాకు తోచలేదు. ఈవిడకి అడక్కుండానే రోజూ జరుగుతోంది. లోపల భగ్గుమంది. ఆవిడ మొహంలోకి చూడలేక ఫోన్లోకి చూశాను.

ఆ రోజు మాటలో మొదటి గడి పచ్చ, మ. చివరి గడి పచ్చ, రి. నడుమ ఖాళీ. ఆవిడ పెదాలు కదుపుకుంటూ చాలాసేపు ఆలోచించింది. "దొరికె!" అని టకటకా రాసింది. మశారి. గడులన్నీ ఊగిపోయాయి. ఈ మాట లేదు.

ఆవిడ ఇంకోసారి రాసింది. ఇంకోసారి ఊగింది. కళ్ళజోడు పైకి తోసి నావైపు తిరిగింది. "గిదేంది వదినా, తీస్కుంటలేదు?"

తను నవ్విన సంగతే ఆవిడకి గుర్తులేదు. నాకు మాత్రం ప్రతి అక్షరం గుర్తుంది. ఇన్ని నెలలుగా ఇలాంటి రోజు వస్తే ఏమనాలో పొయ్యి దగ్గర నిలబడి ఎన్నిసార్లు అనుకున్నానో. నవ్వు కూడా సిద్ధంగా ఉంది, ఆవిడ నవ్విన నవ్వే. బెంగాలోళ్ళ మాట గావచ్చు వదినా అని, ఆవిడ యాసలోనే అనేయొచ్చు. నోటి దాకా వచ్చింది.

కానీ ఆ మాట ఆవిడకి ఎక్కడి నుంచి వచ్చింది? రోజూ అంచులు దోపుతూ నా కూతురు అంటుంటే వచ్చింది. దోమతెర అని నేర్పిన మనిషి ముందే అది మశారి అంటోందన్నమాట. నవ్వే బొమ్మ పెట్టిన పిల్ల, ఆ మాట మాత్రం మానలేదు. ఇప్పుడు నేను తప్పంటే ఎవరి మాటని తప్పన్నట్టు?

"అది తెలుగేనండి వదినగారూ," అన్నాను. "ఆ ఆటకే తెలుగు రాదు."

"గంతే గావచ్చు" అని ఆవిడ నమ్మేసింది. నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది. మరుక్షణమే మళ్ళీ కడుపులో మంట. నాదంటూ మిగిలిన తప్పు మాట ఒక్కటే, అదీ ఆవిడ నోట్లోకి పోయింది.

అప్పుడే నా కూతురు నోట్లో బ్రష్షుతో గుమ్మంలోకి వచ్చింది. తెల్లటి మశారిలో పక్కపక్కన కూర్చున్న ఇద్దర్నీ చూసి ఆగిపోయింది. నేను దూరినప్పుడు ఎత్తిన అంచు ఇంకా అలాగే వేలాడుతోంది. బ్రష్షు తీసి, అచ్చంగా నా గొంతుతో కసురుకుంది.

"ఏటమ్మా నువ్వు! అంచు వదిలేస్తే దోమలు దూరిపోవా?"

బ్రష్షు కిటికీలో పెట్టి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. తలవైపు నుంచి మొదలుపెట్టి, ఒత్తి ఒత్తి, పరుపు కిందికి దోపుకుంటూ వచ్చింది. నా మోకాలి దగ్గరికి వచ్చినప్పుడు దాని చెయ్యి తెర మీదుగా నాకు తగిలింది. పుట్టి బుద్ధెరిగాక నా కూతురు నాకు మశారి దోపడం అదే మొదలు. నేను కదలకుండా కూర్చున్నాను.

అంచు లేచి ఉన్నది నా వైపు. అయినా ముందు వాళ్ళ అత్త వైపే దోపింది. నేను చూశాను.